పట్టిన కర్బనాన్ని తూచేదెవరు?

తాండూరు పొగగొట్టాల నుంచి మర్పల్లి చేల వరకు కొలత పరికరాలే కీలకం

మర్పల్లి (వికారాబాద్ జిల్లా): పాత బావిలో పూడిక తీయడానికి దిగేముందు తాడుకు దీపం కట్టి లోపలికి దించి చూడటం మన పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగుతాడు. ఆరిపోతే ఆ రోజుకు పని ఆగుతుంది. చిన్ననాడు పాఠ్యపుస్తకంలో బొగ్గుపులుసు వాయువుగా చదువుకున్న కార్బన్ డై ఆక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. అందుకే గాలి ఆడని బావి అడుగున పేరుకుని ప్రాణవాయువును పైకి నెట్టివేస్తుంది. ఆ దీపం అన్ని వేళలా ప్రాణం కాపాడలేదన్నది నిజమే అయినా, చూసినవాడికి చూసినంత అర్థమయ్యే కొలత సాధనం అది. నేడు అదే వాయువును పరిశ్రమల పొగగొట్టాల వద్దనే పట్టి బంధించి, అయితే సరకుగా మార్చాలని, లేదంటే భూగర్భంలో పూడ్చాలని ప్రపంచమంతా ప్రయత్నిస్తోంది. ఇందుకోసం దేశంలోనూ ప్రయోగాలు ఊపందుకున్నాయి. పట్టినదెంత, జారిపోయినదెంత అని చెప్పవలసిన పరికరాల సంగతి మాత్రం ఇంకా చర్చకు రావలసినంతగా రావడం లేదు. సిమెంటు కర్మాగారాలకు నెలవైన తాండూరు ఉన్న జిల్లాకు ఇది దూరపు విషయం ఎంతమాత్రం కాదు.

సున్నపురాయిలోనే చిక్కు

తాండూరు పరిసరాలు భీమా పరీవాహక సున్నపురాయి నిక్షేపాల మీద ఉన్నాయి. ఇళ్లలో పరిచే నాపరాళ్లు, సిమెంటుకు వాడే ముడిరాయి రెండూ ఈ నేల ఇచ్చినవే. కరన్‌కోటలో ప్రభుత్వరంగ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారం ఉంది. ప్రైవేటు రంగంలో పెన్నా, ఇండియా సిమెంట్స్ సంస్థల కర్మాగారాలు 2024లో జరిగిన కొనుగోళ్లతో వరుసగా అంబుజా, అల్ట్రాటెక్ సంస్థల అధీనంలోకి వెళ్లాయి.

విద్యుత్ కేంద్రంలో బొగ్గుకు బదులు సౌరశక్తిని వాడితే పొగ ఆగిపోతుంది. సిమెంటు విషయంలో ఆ వెసులుబాటు లేదు. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు రాయిలో బందీగా ఉన్న వాయువే బయటికి వస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఏ ఇంధనం వాడినా ఈ 44 కిలోలు తప్పవు. ఇంధనం వల్ల వచ్చేది దీనికి అదనం. రెండూ కలిపితే టన్ను క్లింకర్‌కు సుమారు 0.8 టన్నుల వాయువు వెలువడుతుంది. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డై ఆక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటుదేనని అంచనా. పట్టి బంధించడం తప్ప సిమెంటుకు పూర్తి విరుగుడు లేదని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు కర్మాగారంలో ఏటా 4 లక్షల టన్నుల వాయువును పట్టే ఏర్పాటు 2025 జూన్‌లో లాంఛనంగా ప్రారంభమైంది. సిమెంటు రంగంలో ఇంత భారీ స్థాయిలో ప్రపంచంలో ఇదే మొదటిది.

మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ ఎన్టీపీసీ కేంద్రంలో రోజుకు 20 టన్నుల వాయువును పట్టే యూనిట్ 2022లో మొదలైంది. దాని నుంచి మిథనాల్ తయారుచేయాలన్నది ఉద్దేశం. వినడానికి 20 టన్నులు పెద్ద మాటే. ఏటా 10 లక్షల టన్నుల క్లింకర్ తీసే కర్మాగారం రోజుకు సుమారు 2,200 టన్నుల వాయువును వదులుతుంది. అందులో 20 టన్నులంటే నూటికి ఒక వంతు కూడా లేదు. ఇంత చిన్న భాగాన్ని అంత పెద్ద ప్రవాహం నుంచి తీసి, తీశామని నిరూపించవలసి వచ్చినప్పుడే కొలత విలువ తెలిసివస్తుంది.

లెక్క వేరు, కొలత వేరు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో జారీచేసిన ఆదేశాల ప్రకారం సిమెంటు సహా 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు పొగగొట్టాలకు నిరంతర కొలత యంత్రాలు అమర్చుకోవలసి వచ్చింది. సిమెంటు విషయంలో ఇవి ప్రధానంగా ధూళిని, గంధక, నత్రజని ఆక్సైడ్లను కొలవడానికి ఉద్దేశించినవి. ఊపిరితిత్తులకు హాని చేసేవాటిని చూడటం వాటి పని. వాతావరణాన్ని వేడెక్కించే వాయువు ఆ జాబితాలో ముఖ్యం కాలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. ఇంధన పొదుపు చట్టానికి 2022లో జరిగిన సవరణ ఆధారంగా 2023 జూన్‌లో కర్బన క్రెడిట్ల వాణిజ్య పథకాన్ని కేంద్రం ప్రకటించింది. 2025 అక్టోబరులో తొలి విడతగా 282 పరిశ్రమలకు ఉద్గారాల లక్ష్యాలు నిర్దేశించింది. వీటిలో 186 సిమెంటు పరిశ్రమలే కావడం గమనార్హం. 2023-24 సంవత్సరాన్ని ప్రాతిపదికగా తీసుకుని 2025-26, 2026-27 సంవత్సరాలకు లక్ష్యాలు విధించారు. లక్ష్యం కంటే తగ్గించినవారికి క్రెడిట్లు దక్కుతాయి. తగ్గించలేనివారు కొనుక్కోవాలి. అదీ చేయనివారు క్రెడిట్ సగటు ధరకు రెట్టింపు పర్యావరణ పరిహారం చెల్లించాలి. అంటే నిన్నటివరకు గాలిలో కలిసిపోయిన పొగకు నేడు ఖాతా పుస్తకంలో పద్దు పడింది.

అయితే ఈ పద్దు ఎక్కువగా లెక్క మీద నడుస్తుంది. ఎంత బొగ్గు కాల్చారు, ఎంత క్లింకర్ తీశారు అన్నదాన్ని నిర్ణీత గుణకాలతో హెచ్చవేసి వాయువు పరిమాణాన్ని రాబడతారు. మామూలు కర్మాగారానికి ఈ పద్ధతి చాలు. రాయి, బొగ్గు తూకాలు చేతిలో ఉంటాయి కాబట్టి తప్పు పెద్దగా జరగదు. వాయువును పట్టే యంత్రం మధ్యలో చేరాక మాత్రం హెచ్చవేత పనికిరాదు. యంత్రం ఒక రోజు 90 శాతం పట్టవచ్చు, ద్రావకం పాడైన రోజు 60 శాతమే పట్టవచ్చు. బొగ్గు లెక్క ఆ తేడాను చెప్పలేదు. కొలిచి తీరాలి.

కొలవడంలోని ఇబ్బందులను తెలుసుకుంటే పరికరాల తయారీదారుల కష్టం అర్థమవుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ పరారుణ కాంతిలో 4.26 మైక్రాన్ల తరంగాన్ని గట్టిగా పీల్చుకుంటుంది. ఎంత కాంతి తగ్గిందో చూసి ఎంత వాయువు ఉందో చెప్పడం ఎక్కువ పరికరాలు అనుసరించే సూత్రం. ప్రయోగశాలలో ఇది సులువు. సిమెంటు పొగలో సున్నపు ధూళి అద్దాలకు పట్టేస్తుంది. నీటి ఆవిరి కాంతికి అడ్డుపడుతుంది. నమూనా తెచ్చే గొట్టం చల్లబడితే ఆవిరి నీరై, గంధకంతో కలిసి ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది.

ఆవిరితో ఇంకొక తిరకాసు ఉంది. పొగలో 10 శాతం ఆవిరి, 20 శాతం కార్బన్ డై ఆక్సైడ్ ఉన్నాయనుకుందాం. ఆవిరిని తీసివేసి కొలిచే పరికరం అదే వాయువును 22.2 శాతంగా చూపుతుంది. రెండు అంకెలూ నిజమే. ఒక పరికరం తడి లెక్కలో, మరొకటి పొడి లెక్కలో చెబుతుండగా ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే మాత్రం లేని వాయువు పుస్తకంలో పుట్టుకొస్తుంది.

తీసివేతల లెక్క ఎంత ప్రమాదకరమో ఒక ఉదాహరణ చాలు. యంత్రంలోకి రోజుకు 100 టన్నులు వెళ్లి, 10 టన్నులు బయటికి పోతే 90 టన్నులు పట్టినట్టు. లోపలికి వెళ్లేదాన్ని కొలవడంలో 5 శాతం తేడా వచ్చినా పట్టినది 85 కావచ్చు, 95 కావచ్చు. దీనికి బదులు పట్టిన వాయువునే విడిగా ఒక శాతం కచ్చితత్వంతో కొలిస్తే తేడా టన్నుకు మించదు. కాబట్టి ఏ పరికరం పెట్టారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడ పెట్టారన్నదీ అంతే ముఖ్యం.

అలా విడిగా కొలవడంలోనూ మన వాతావరణానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కార్బన్ డై ఆక్సైడ్‌ను గొట్టాల ద్వారా తరలించాలంటే బాగా ఒత్తిడి పెట్టి చిక్కబరచాలి. 31 డిగ్రీల సెల్సియస్, సుమారు 74 బార్ల ఒత్తిడి దగ్గర ఈ వాయువు వాయువుగానూ ఉండదు, ద్రవంగానూ ఉండదు. ఆ చుట్టుపక్కల ఒకటి రెండు డిగ్రీల తేడాకే సాంద్రత విపరీతంగా మారిపోతుంది. నార్వే చలిలో 31 డిగ్రీలు అరుదైన సంగతి. తాండూరులో ఏడాదిలో ఎక్కువ రోజులు పొద్దున ఆ గీతకు దిగువన, మధ్యాహ్నం ఎగువన ఉంటాము. అక్కడ చక్కగా పనిచేసిన మీటరును తెచ్చి ఇక్కడ బిగిస్తే సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. దిగుమతి పరికరాలను గుడ్డిగా నమ్మడం తగదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

పరికరాల తయారీలో కొత్త ఒరవడి

పారిశ్రామిక కొలత పరికరాన్ని తయారు చేయడానికి ఇంతకాలం అనుసరించిన పద్ధతి వేరు. కొనుగోలుదారు తనకు ఏం కావాలో ముందుగా పూర్తి వివరాలు రాసి ఇస్తాడు. తయారీదారు రెండు మూడేళ్లు శ్రమించి పరికరం తెస్తాడు. బిగించాక తప్పు బయటపడితే మళ్లీ మొదటికి వస్తుంది. బాయిలర్లు, చమురు శుద్ధి వంటి స్థిరపడిన పరిశ్రమలకు అది చెల్లింది. కర్బనాన్ని పట్టే పరిశ్రమ ఇంకా స్థిరపడలేదు. ఒకరు అమీన్ ద్రావకంతో పడుతున్నారు, ఒకరు బట్టీలోకి ప్రాణవాయువును ఎక్కువగా పంపి చూస్తున్నారు, మరొకరు పీడనం తగ్గించి పెంచి ఘనపదార్థాల మీద పట్టిస్తున్నారు, ఇంకొకరు నేరుగా రాయిగా మారుస్తున్నారు. ఏ ఒక్క పద్ధతికీ కావలసిన పరికరం మరొకదానికి అచ్చంగా సరిపోదు. తనకు ఏం కొలవాలో కొనుగోలుదారుకే స్పష్టంగా తెలియనప్పుడు పూర్తి వివరాలు రాసివ్వమనడం నీళ్లు పడకముందే మోటారు సైజు అడగడం వంటిది.

ఈ నేపథ్యంలోనే సాఫ్ట్‌వేర్ రంగంలో పుట్టిన 'ఎజైల్' పద్ధతి పరికరాల తయారీలోకి వస్తోంది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు ఒకచోట చేరి దీని సూత్రాలను ప్రకటించారు. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు ఈ మాట నిత్యం వినబడేదే. పని మొత్తాన్ని ఒకేసారి ముగించాలని కూర్చోకుండా, రెండు మూడు వారాల చిన్న విడతలుగా విభజించి, ప్రతి విడత చివర పనిచేసే ముక్కను వాడేవాడి చేతికివ్వడం, అతడు చెప్పిన లోపాన్ని తర్వాతి విడతలో సరిదిద్దడం ఇందులోని సారం.

నిజానికి పల్లెకు ఇది కొత్త కాదు. ఏరువాకకు ముందు గొర్రు చేసిచ్చే వడ్రంగి దాన్ని చేను గట్టు మీదే పరీక్షిస్తాడు. రెండు సాళ్లు తోలాక గింజ లోతుగా పడుతోందంటే అక్కడికక్కడే చెక్క చెక్కి సరిచేస్తాడు. నల్లరేగడికి ఒక తీరు, ఎర్రచెలకకు ఒక తీరు. కాగితం మీద గొర్రు గీసి రైతు సంతకం తీసుకున్న వడ్రంగిని ఎవరమూ ఎరుగం.

కొలత పరికరానికి ఈ పద్ధతిని వర్తింపజేస్తే ఏమవుతుంది? మొదటి విడతలో సంపూర్ణ పరికరం రాదు. కాంతి గది ఒక్కటే కర్మాగారానికి వస్తుంది. పక్కనే ఉన్న నమ్మదగిన పాత పరికరంతో పోల్చి మూడు వారాలు నడిపిస్తారు. ధూళి పట్టేస్తోందని తేలితే రెండో విడతలో గాలితో అద్దం తుడిచే ఏర్పాటు చేరుతుంది. మూడో విడతలో ఆవిరి సవరణ, నాలుగో విడతలో కరెంటు పోయి వచ్చినప్పుడు లెక్క తప్పకుండా చూసే ఏర్పాటు వస్తాయి. రెండేళ్ల తర్వాత తెలియవలసిన లోపం మూడో వారంలోనే తెలియడం ఇందులోని లాభం. తొలినాళ్ల లోపానికి మూల్యం కొన్ని వేల రూపాయలు. బిగించాక బయటపడితే కోట్లు.

లోహపు పని సాఫ్ట్‌వేర్ వంటిది కాదు, రెండు వారాల్లో అచ్చు మారదు అన్న అభ్యంతరం ఒకప్పుడు బలంగా ఉండేది. త్రీడీ ముద్రణ, చిన్న బ్యాచ్‌లలో సర్క్యూట్ బోర్డులు చేసిచ్చే సదుపాయాలు వచ్చాక అది కొంత సడలింది. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ నమూనాల తయారీ కేంద్రం ఇటువంటి పనులకే ఏర్పడింది. తాండూరు నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అంతటి సదుపాయం ఉంది.

తొందర చెల్లని చోటు

కొలత పరికరానికి, ఫోన్‌లోని యాప్‌కు మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. యాప్‌ను ప్రతి వారం మార్చినా వాడేవాడికి నష్టం లేదు. కొలత పరికరం చెప్పిన అంకె మీద డబ్బు చేతులు మారుతుంది, జరిమానా పడుతుంది. సంతలో కాటా రాళ్లను ప్రతి వారం 'మెరుగు' పరుస్తామంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడా? జనవరిలో ఒక సూత్రంతో, మార్చిలో మరో సూత్రంతో లెక్కగట్టిన పరికరం ఏడాది చివర చూపే తగ్గుదల కర్మాగారం సాధించినదా, సాఫ్ట్‌వేర్ మార్పు తెచ్చినదా అన్నది తేల్చడం కష్టం.

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలను 2019లో కాలుష్య కొలత పరికరాలకు ధ్రువీకరణ సంస్థగా కేంద్రం గుర్తించింది. ధ్రువీకరణ అంటే నెలల తరబడి సాగే పరీక్ష. ఒకసారి ధ్రువపత్రం పొందిన నమూనాలో మార్పు చేస్తే మళ్లీ పరీక్షించవలసిందే అన్నది సహజ న్యాయం. రెండు వారాల విడతలకు, నెలల పరీక్షకు పొత్తు ఎలా కుదురుతుందన్నది ఇప్పుడు పరికరాల తయారీదారుల ముందున్న ప్రశ్న.

దీనికి తూనికలు కొలతల రంగంలో ఇప్పటికే ఒక దారి ఉంది. పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను రెండుగా విడదీయాలని ఐరోపా దేశాల వెల్‌మెక్ 7.2 మార్గదర్శకం, అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్ డి 31 పత్రం సూచిస్తున్నాయి. అంకెను పుట్టించే భాగం ఒకటి. తెర మీద చూపడం, సమాచారం పంపడం, హెచ్చరికలు ఇవ్వడం వంటివి మరొకటి. మొదటి భాగానికి సీలు వేస్తారు. దాన్ని ఎవరు తాకినా పరికరమే నమోదు చేసుకుంటుంది. రెండో భాగాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. భారతదేశం 2023 నుంచి ఓఐఎంఎల్ ధ్రువపత్రాలు జారీచేసే హోదా పొందిన దేశాల్లో ఒకటి కాబట్టి ఈ విద్య మనకు పరాయిది కాదు. అంకెను పుట్టించే భాగాన్ని కూడా అభివృద్ధి దశలో ఎంత వేగంగా అయినా మార్చవచ్చు. అమ్మకానికి వచ్చే రోజున ఆ మార్పులు ఆగాలి. ఎజైల్ పేరు చెప్పి ఆ గీతను చెరిపే సంస్థలు రేపు రావన్న నమ్మకం ఈ రచయితకు లేదు.

క్రమాంకనం సంగతి ఇంకా కష్టం. ఎంత మంచి పరికరమైనా కాలం గడిచేకొద్దీ పక్కదారి పడుతుంది. తెలిసిన మోతాదు గల ప్రామాణిక వాయువును సిలిండర్ నుంచి పంపి దాన్ని సరిదిద్దాలి. పరికరం ఎంత వేగంగా తయారైనా సిలిండర్ ఖర్చు, దాన్ని వాడటం తెలిసిన మనిషి జీతం తగ్గవు. లారీ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించే పద్ధతి మనకు తెలుసు. వాయువు పరికరానికి ఆ విరామం సరిపోదు. వికారాబాద్, తాండూరు ప్రాంతాల ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇందులో ఉపాధి ఉంది. దురదృష్టవశాత్తు పరిశ్రమ రాకముందే మనిషిని తయారుచేసే అలవాటు మనకు తక్కువ.

కారితే కనిపించదు

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. 1986లో ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు అడుగు నుంచి ఒక్క రాత్రిలో ఎగదన్నిన కార్బన్ డై ఆక్సైడ్ 1,700 మందికి పైగా ప్రజలను నిద్రలోనే బలిగొంది. అది ప్రకృతి విపత్తు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం సటార్షియా సమీపంలో ఈ వాయువును తరలించే గొట్టం పగిలి 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ వాహనాల ఇంజిన్లు సైతం ఆగిపోయాయి. వింధ్యాచల్ వంటి చిన్న యూనిట్లకు ఇంత ప్రమాదం లేదు. రేపు గొట్టపు మార్గాలు వస్తే మాత్రం ఊరి వాళ్లు అడగవలసిన మొదటి ప్రశ్న లీకు పరికరాల గురించే.

కొన్ని వేల రూపాయలకు దొరికే చిన్న సెన్సార్లు 30 నుంచి 50 పీపీఎం తేడాతో చెబుతాయి. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు. మామూలు గాలిలో ఈ వాయువు ఇప్పుడు 420 పీపీఎం దాటింది. పైగా చేలు ఊపిరి పీలుస్తాయి. రాత్రివేళ పైరు, నేల వదిలిన వాయువు గాలి కదలక కింద పేరుకుని తెల్లవారుజామున మోతాదు పెరుగుతుంది. మధ్యాహ్నానికి పైరు పీల్చుకోవడంతో తగ్గుతుంది. షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆవరణలో 2014లో సాగిన పరిశీలనలో ఏడాది సగటు 394 పీపీఎంగా నమోదైంది. రోజువారీ, రుతువారీ హెచ్చుతగ్గులు కూడా అందులో వెల్లడయ్యాయి. కంది చేను పక్కన పెట్టిన చౌక సెన్సార్‌కు ఈ సంగతి నేర్పకపోతే ప్రతి తెల్లవారుజామున లీకు ఉందంటూ అరుస్తుంది. నాలుగు రోజులు అరిచిన గంటను ఐదోరోజు ఎవరూ పట్టించుకోరు. ఇటువంటి పాఠాలు ప్రయోగశాలలో దొరకవు. చేను గట్టున, వర్షాకాలంలో, యాసంగిలో విడతలు విడతలుగా నేర్చుకోవాలి. ఎజైల్ పద్ధతికి ఇంతకంటే తగిన పని మరొకటి లేదనిపిస్తుంది.

తాండూరుకు దక్కనిది

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2025 మేలో సిమెంటు రంగంలో కర్బనాన్ని పట్టి వినియోగించే ఐదు ప్రయోగ కేంద్రాలను ప్రకటించింది. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో సిమెంటు పరిశోధన సంస్థ ఎన్‌సీబీ, జేకే సిమెంట్ కలిసి రోజుకు 2 టన్నుల వాయువును పట్టే ప్రయోగం వాటిలో ఒకటి. ఐఐటీ కాన్పూర్ జేఎస్‌డబ్ల్యూ సిమెంట్‌తో, ఐఐటీ బొంబాయి దాల్మియాతో, ఐఐటీ మద్రాస్, బిట్స్ గోవా ప్రాంగణం అల్ట్రాటెక్‌తో జతకట్టాయి. మరో బృందంలో తిరుపతి ఐఐటీకి చోటు దక్కడం తెలుగువారికి సంతోషకరం. తెలంగాణ సంస్థ పేరు మాత్రం వీటిలో లేదు.

మనకు లేనిది ఏమిటో అర్థం కాదు. తాండూరులో ఒకే సున్నపురాయి మీద పక్కపక్కనే నడిచే కర్మాగారాలున్నాయి. వాటిలో ఒకటి ప్రభుత్వానిదే. హైదరాబాద్‌లో భారత రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌సీబీ కేంద్రం ఉన్నాయి. మర్పల్లికి పొరుగునున్న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ ఉంది. వాయువును పట్టే యంత్రం పెట్టడానికి వందల కోట్లు కావాలి, నిజమే. పరికరాలను పరీక్షించడానికి అంత అక్కర్లేదు. పొగగొట్టానికి నాలుగు రంధ్రాలు, ఒక గది, నిరంతర విద్యుత్తు, పక్కన పోల్చి చూడటానికి ఒక ప్రామాణిక పరికరం ఉంటే చాలు. ప్రభుత్వరంగ కర్మాగారంలో ఆ గదిని ఏర్పాటు చేయడానికి కేంద్రం తలచుకుంటే పట్టే సమయం ఎంత?

ప్రజలకు దీనితో ఏం పని అని అడిగేవారున్నారు. దుమ్ముతో దశాబ్దాలు గడిపిన తాండూరు ప్రజలు ధూళి అంకెల కోసం ఎదురుచూడని రోజు లేదు. ధూళి పట్టిన అద్దాన్ని తుడుచుకోగల కార్బన్ పరికరం, ధూళి ఎంత పట్టిందో కూడా చెప్పగలదు. ఖర్చు ఒక్కటే, ప్రయోజనాలు రెండు. ఆ అంకెలు గేటు బయట తెలుగులో కనిపించాలన్న షరతును పరిశోధన ఒప్పందంలోనే చేర్చడం కష్టమైన పని కాదు.

నల్లరేగడికి రాతిపొడి

మర్పల్లి, మోమిన్‌పేట వైపు నేల స్వభావం తాండూరుకు భిన్నం. ఇది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి అగ్నిపర్వత లావా పరుచుకున్న దక్కను పీఠభూమి అంచు. ఇక్కడి నల్లరాయి, దాని నుంచి పుట్టిన నల్లరేగడి, అనంతగిరి వైపు ఎర్రటి లాటరైట్ ఆ లావా సంతతే. ఐస్‌లాండ్‌లో ఇటువంటి నల్లరాతి పొరల్లోకి నీటితో కలిపి పంపిన కార్బన్ డై ఆక్సైడ్‌లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారినట్టు 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దక్కను రాతిపొరలు ఇందుకు పనికివస్తాయా అన్నదానిపై హైదరాబాద్ భూభౌతిక సంస్థ చాలాకాలంగా అధ్యయనాలు సాగిస్తోంది.

రైతుకు దగ్గరగా ఉన్నది మరొక పద్ధతి. నల్లరాతి పొడిని చేలలో చల్లితే వాననీటిలో కరిగిన కార్బన్ డై ఆక్సైడ్ ఆ పొడితో కలిసి బైకార్బనేట్‌గా మారి, వాగులు వంకల గుండా నదికి, సముద్రానికి చేరుతుంది. మన జిల్లా నీరు మూసీ, కాగ్నా నదుల ద్వారా కృష్ణమ్మను చేరినట్టే. మధ్య భారతంలో చిన్న వరి రైతుల పొలాల్లో ఈ పని చేస్తున్న మాటి కార్బన్ సంస్థ 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ఎక్స్‌ప్రైజ్ పోటీలో 5 కోట్ల డాలర్ల ప్రథమ బహుమతి గెలుచుకుంది. ఆ తర్వాత ఈ పద్ధతిపై ఆసక్తి పెరిగింది.

మర్పల్లి రైతు తొందరపడే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. రాతిపొడి ఆమ్ల గుణం గల నేలల్లో త్వరగా కరుగుతుంది. నల్లరేగడి చాలాచోట్ల క్షార గుణం గలది, సున్నపు గులకలతో కూడినది. అక్కడ కరగడం నెమ్మది. కరిగిన బైకార్బనేట్ నేలలోనే సున్నంగా గడ్డకడితే పట్టిన వాయువులో సగం తిరిగి గాలిలోకి పోతుంది. కాబట్టి ఎర్ర నేలలకు ఉన్నంత అవకాశం నల్ల నేలలకు ఉందని చెప్పలేము. ఒకే ఊళ్లో రెండు రకాల నేలలు ఉన్న చోట సగటు లెక్కతో అందరికీ ఒకే అంకె కట్టడం అన్యాయం. పొడిలో నికెల్, క్రోమియం వంటి లోహాలు ఎంత ఉన్నాయో కూడా చల్లకముందే పరీక్షించాలి.

ఎకరాకు పట్టిన వాయువు ఎంతన్నది నేల నమూనాల నుంచే తేలాలి. ఒకే చేనులో పది అడుగుల దూరానికే మట్టి మారిపోతుంది. మార్పు చిన్నది, మట్టిలోని సహజమైన తేడా పెద్దది. నమూనాలు తక్కువైతే అంకె నమ్మలేము, ఎక్కువైతే పరీక్షల ఖర్చు క్రెడిట్ ధరను మించిపోతుంది. చేనులోనే, చౌకగా, నమ్మకంగా కొలవగల పరికరం వస్తే తప్ప ఈ పద్ధతిలో రైతు చేతికి మిగిలేది స్వల్పం. ఎకరం రెండెకరాల రైతుకు పరికరం ధరే లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

కొలత ఎవరి చేతిలో ఉంటే లాభం వారిదే అన్న అనుభవం పత్తి రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 8 శాతంలోపు ఉంటే పూర్తి ధర, 12 శాతం దాటితే తిరస్కరణ. కొన్నేళ్ల కిందట ఈ రచయిత సొంత పత్తిని తీసుకెళ్లిన ఒకచోట ఉదయం మీటరు 14 చూపింది. ఎండలో ఆరబోయకుండానే, బండి కదలకుండానే, మధ్యాహ్నం మరో మీటరు 11 చూపింది. మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగితే సమాధానం చెప్పేవారు కనిపించలేదు. మూడు అంకెల తేడా ఒక రైతుకు తిరుగు బండి కిరాయి, మరొక రైతుకు పూర్తి సంవత్సరపు కష్టం.

కర్బనం కనబడదు, పత్తి కనబడుతుంది. కనబడే పత్తికే ఈ గతి పట్టినప్పుడు, కనబడని వాయువుకు సంతకం పెట్టమని ఎవరైనా కాగితం తెస్తే రైతు రెండు మాటలు అందులో రాయించుకోవాలి. పొడి చల్లకముందు తీసిన మట్టి నమూనాలో ఒక సంచి సీలు వేసి తన ఇంట్లోనే ఉండాలి. కొలిచిన పరికరాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ ప్రామాణికంతో సరిచూశారో ఆ పత్రం నకలు తెలుగులో తన చేతికి రావాలి. మొదటి లారీ పొడి చేలో దిగాక ముందటి మట్టి ఎలా ఉండేదో తేల్చే పరికరం ఏదీ ఇంతవరకు తయారు కాలేదు.